యంత్రం ఇంట్లో ఉంటే శ్రమ శ్రమ కాకుండా పోతుందా?

చిన్న కటింగ్ మెషిన్ కొనుక్కోండి, అక్రిలిక్ పలకల మీద పేర్లూ బొమ్మలూ గీయండి, ఇల్లు కదలకుండా నాలుగు రాళ్ళు వస్తాయి - ఈ సలహా ఇప్పుడు మెదక్ లాంటి పట్టణాల స్త్రీల దాకా వచ్చింది. క్రికట్, సిల్హౌట్ వంటి ఈ యంత్రాలు బల్ల మీద పడతాయి. వంట మధ్యలో కూడా నడుపుకోవచ్చునట. ఈ "మధ్యలో" అన్న మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి.

ఈ యంత్రం లేజర్‌లా కాల్చదు, గట్టి లోహపు మొనతో గీరుతుంది. ముందు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బొమ్మ సిద్ధం చేయాలి. పలక వెనకవైపు గీసేటట్టయితే అక్షరాలు తిరగేయాలి. పలక మీది పొర ఒలిచి, జిగట చాప మీద అతికించి, అంచులకు టేపు వేయాలి. గీరుతుంటే లేచే సన్నని పొడి తుడవాలి. కింద దీపపు దిమ్మె పెడితే గీత పడినచోటే వెలుగుతుంది. పలకలో సాగే వెలుతురు గీత దగ్గర చెదిరి బయటికి వస్తుంది కాబట్టి ఆ అందం. కానీ మధ్యలో పలక వెంట్రుక వాసి జరిగితే ఆ ముక్క పోయినట్టే.

దుకాణదారు లెక్కలో ఇదంతా లేదు. ముక్కకింత అంటాడు. గీసింది యంత్రమే కదా, నువ్వు చేసిందేముంది అంటాడు. పాడైన పలక ఖరీదు ఆమె మీదే. క్రిస్మస్‌కు ముందు మెదక్ చర్చి బొమ్మకు గిరాకీ వస్తే రాత్రి మేలుకోవలసిందీ ఆమే. ఇరుగుపొరుగుకు నేరుగా అమ్ముకునే స్త్రీ సంగతి వేరు, ధర ఆమె చేతిలో ఉంటుంది. బొమ్మా, ధరా, గడువూ దుకాణదారువే అయినప్పుడు మాత్రం ఆమెను "యజమానురాలు" అనడం ఉట్టి మోసం.

ఈ బాధ మనకు కొత్తది కాదు. 2016లో జిల్లాలు విడిపోకముందు ఉమ్మడి మెదక్‌లో ఉన్న సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో బీడీలు చుట్టిన స్త్రీలందరికీ ఇది తెలుసు. ఇంట్లో కూర్చుని చుట్టినా, బాగాలేవని కట్టలు తీసి పారేసినా వాళ్ళు కార్మికులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఒప్పుకుంది. తర్వాత పి.ఎఫ్. కూడా వచ్చింది. పి.ఎఫ్. నంబరు ఉండబట్టే 2015లో ఆసరా కింద నెలకు 1,000 రూపాయల భృతి అడగగలిగారు. పేరు రిజిస్టరులో లేని స్త్రీలకు ఆ డబ్బు రాలేదు.

ఇంటి నుండి చేసే పనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో గృహ ఆధారిత కార్మికుల మాట ఉంది, కూలి రేటు మాట లేదు. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో రాయి చెక్కేవారున్నారు, అక్రిలిక్ గీసేవారు లేరు. (పథకంలో పేరు చేరితే కష్టాలు తీరతాయని కాదు.)

మరో సంగతి. యంత్రానికి తెచ్చిన పొదుపు సంఘం అప్పు ఆమె పేరున ఉంటుంది. బిల్లు ఎవరి పేరున ఉంది? రేపు ఇంట్లో తగవు వస్తే యంత్రం ఎవరిదవుతుంది? కొనే రోజునే బిల్లు తన పేర రాయించుకోవాలి.

కూలి విషయంలో సంఘాలు ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. ఒకే బొమ్మను నలుగురు స్త్రీలు చేసి, పొర ఒలిచిన దగ్గర నుండి పొడి తుడిచి పొట్లం కట్టేదాకా పట్టిన సమయం నోటుబుక్కులో రాయాలి. ముక్క ధర ఆ గంటల మీద అడగాలి. పాడైన పలక ఎవరి ఖాతాలో పడుతుందో పని తీసుకునే ముందే కాగితం మీద పెట్టించాలి. నలుగురూ కలిసే వెళ్ళాలి. ఒక్కతే వెళితే, పక్కింటామె ఇంతకంటే తక్కువకే చేస్తోందని చెప్పి పంపేస్తాడు.