లండన్ వోటు, ప్రొద్దుటూరు తులం

2016 జూన్ 24. రంజాన్ నెల, జుమా రోజు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్ జనం ముందురోజు వేసిన వోట్ల ఫలితం వచ్చింది. 52 శాతం వద్దన్నారు. పౌండు 31 ఏళ్ల కనిష్ఠానికి పడిపోయింది. ఖౌఫ్‌తో పెట్టుబడిదారులు బంగారం వైపు పరిగెత్తారు. లండన్ ఎక్కడ, మన ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు ఎక్కడ? అయినా ఆ పొద్దే ఇక్కడ తులం రేటు ఎగబాకింది.

బ్రిటన్ నిజంగా బయటికొచ్చింది 2020 జనవరి 31న. మూడున్నరేళ్ల ఆ అయోమయాన్ని సేఠ్‌లు తట్టుకోగలరు. షవ్వాల్‌లో బిడ్డ నికాహ్ పెట్టుకున్న జమ్మలమడుగు గరీబు తండ్రి ఆగగలడా? ఇన్ని తులాలని జబాన్ ఇచ్చేశాడు. ఇక సూద్‌కు అప్పు తేవాల్సిందే.

దునియా హాలాత్ మన చేతిలో లేవు. జహేజ్ అడగకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. నికాహ్‌లో ఇవ్వాల్సింది పిల్లోడు. మహర్ ఆడబిడ్డ హక్. పిల్ల తండ్రి మీద తులాలు ఫర్జ్ చేసింది అల్లాహ్ కాదు, మనమే.

గండి దగ్గర కొండను చీల్చింది పాపాఘ్ని. మన ఇళ్లకు గండి కొడుతున్నది బ్రెగ్జిట్ కాదు, జహేజ్. కొడుకులున్న వాలిదైన్, "మాకొద్దు" అని ముందు మీరు అనండి.