కమాన్ కట్టల మీద వేసిన నింద

అమెరికాలో పాత పికప్ ట్రక్కులను బాగుచేసేవాళ్ల మధ్య ఒక తీర్పు ఎప్పుడో ఖాయమైపోయింది. వచ్చింది 1955 ఫోర్డ్ ఎఫ్-100 అయినా, 1968 షెవర్లే సీ-10 అయినా సరే, ముందుగా వెనక యాక్సిల్ విప్పి పక్కన పడేయాలి. దాని చోట ఫోర్డ్ తొమ్మిదంగుళాల యాక్సిల్ ఎక్కించాలి. ఉన్న స్ప్రింగులు పీకేసి నాలుగు లింకుల సస్పెన్షన్, కాయిలోవర్లు (స్ప్రింగు చుట్టిన షాక్ అబ్జార్బర్లు) బిగించాలి. అలా చేయకపోతే పని సగంలో ఆపినట్టే లెక్క. కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, గుర్రపుబండి కాలం నాటి సరుకట, వాటిని ఉంచుకునేవాడు డబ్బు లేకో, తెలియకో ఉంచుకుంటాడట.

ఈ మాట తప్పు. రోడ్డు మీద తిరిగే పాత పికప్‌లలో చాలావాటికి ఈ మార్పు అనవసరం, కొన్నిటికి హాని. పాతదనం మీద మమకారంతో అంటున్న మాట కాదిది. బరువు ఎక్కడ పడుతుంది, చక్రాన్ని ఏది పట్టి ఉంచుతుంది అని చూసి అంటున్నాను.

కమాన్ కట్ట ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా పడుతుంది. పక్కలకు జారకుండా ఆపుతుంది. ఇంజన్ లాగినప్పుడు హౌసింగ్ మెలితిరగకుండా అడ్డుకుంటుంది. దాన్ని తీసేస్తే ఈ నాలుగు పనులకూ నాలుగు లింకులు, వాటి చివర్లలో ఎనిమిది కీళ్లు, పక్కకు జరగకుండా ఒక అడ్డకడ్డీ, రెండు కాయిలోవర్లు, వాటిని తగిలించడానికి కొత్త క్రాస్ మెంబర్ కావాలి. ఇవన్నీ వెల్డింగ్ అయ్యేది పాత ఫ్రేమ్‌కే. ఆ ఫ్రేమ్ చాలా బండ్లలో సీ ఆకారపు రేకు. గతుకుల్లో కాస్త మెలితిరిగేలా కట్టినది. కమాన్ కట్ట తన భారాన్ని ముందు హ్యాంగర్ దగ్గర కొంత, వెనక షాకిల్ దగ్గర కొంత పంచి ఇచ్చేది. ఇప్పుడు ఇంజన్ తోపు అంతా ఒక బ్రాకెట్ మీద, బరువంతా యాక్సిల్ పైనున్న ఒక అడ్డపట్టీ మీద పడుతుంది. ఆ పట్టీకి చోటు చాలక ట్రక్కు తొట్టి అడుగును కోసినవాళ్లూ ఉన్నారు. సామాను పెట్టుకోవడానికి కట్టిన బండికి సామాను పెట్టే చోటే పోతుంది.

కమాన్ కట్ట కాలం చెల్లిన వస్తువే అయితే మామూలు ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో వెనక ఇవాళ్టికీ అదెందుకుంది? ర్యామ్ 1500 మాత్రం 2009 మోడల్ నుంచి కాయిల్ స్ప్రింగులకు మారింది, మెత్తగా నడుస్తుంది కూడా. కానీ అది ఆ స్ప్రింగుల కోసమే గీసిన ఫ్రేమ్. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు విప్పి పట్టీలు మార్చేవాళ్లకు వాటికి కాలం చెల్లిందన్న వాదన చెప్పి చూడండి. అరిగిన బుష్‌ను, కుంగిన పట్టీని చూపించి, ముందు ఇవి మార్చుకోమంటారు.

అసలు గొడవంతా అక్కడే ఉంది. కమాన్ కట్టల మీద వచ్చే పెద్ద ఫిర్యాదు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కట్ట ఎస్ ఆకారంలో వంగి, వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయని. నిజమే, పడతాయి. కానీ ఆ ఫిర్యాదు చేసేవాళ్ల బండ్ల కింద చూడండి. బండిని కిందికి దించడానికి స్ప్రింగుకూ యాక్సిల్‌కూ మధ్య ఇనప దిమ్మలు పెట్టి ఉంటారు. దిమ్మ ఎంత ఎత్తుంటే కట్టను మెలితిప్పే శక్తికి అంత పొడవు చెయ్యి దొరుకుతుంది. మెత్తగా ఉండాలని రెండు మూడు పట్టీలు తీసేసి ఉంటారు. దాంతో ఆ మెలికను ఆపే బలం తగ్గుతుంది, మిగిలిన పైపట్టీ మీద ఒత్తిడి పెరుగుతుంది. తామే చెడగొట్టి, పట్టీలది తప్పంటున్నారు. దిమ్మలు తీసి, తక్కువ వంపుతో చేసిన సరైన పట్టీలు వేసి, ముందు కన్నులో కొత్త బుష్ కొట్టి, పట్టీల మధ్య తుప్పు గీకి నున్నటి లైనర్లు పెడితే ఆ ఎగురుడు చాలావరకు పోతుంది.

షెవర్లే సీ-10 విషయానికొస్తే నాకు కోపమే వస్తుంది. 1960 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే అర టన్ను పికప్‌లలో చాలావాటికి వెనక కమాన్ కట్టలే లేవు. రెండు పొడవాటి చేతులు బండి నడుమ దగ్గర ఒక క్రాస్ మెంబర్ నుంచి బయల్దేరి, వెడల్పవుతూ యాక్సిల్‌ను పట్టుకుంటాయి. కాయిల్ స్ప్రింగులు ఆ చేతుల మీదే కూర్చుంటాయి. చేతులు పొడవు కాబట్టి చక్రం పైకీ కిందికీ ఆడినా పినియన్ కోణం పెద్దగా మారదు. ఐ ఆకారంలో ఉండడం వల్ల బండి మలుపులో ఒరిగినప్పుడు అవే కాస్త మెలితిరిగి సర్దుకుంటాయి. ఈ ఏర్పాటు ఎంత పనికొచ్చిందంటే, నాస్కార్ రేసు కార్లు దాన్నే తీసుకుని దశాబ్దాల తరబడి వాడాయి. 2022లో కొత్త తరం కారు వచ్చేదాకా నాస్కార్ కప్ పోటీల్లో వెనక ఉన్నది ఈ ట్రక్కు చేతులే. రేసుల్లో మూడంకెల వేగాన్ని తట్టుకున్న అమరికను, ఊళ్లో తిరిగే బండికి చాలదని కోసి చెత్తలో వేస్తున్నారు! అందులో బాగుచేయాల్సింది ఉంది. పక్కకు పట్టే కడ్డీ మరీ పొట్టిది, అందుకే చక్రం ఆడినప్పుడల్లా యాక్సిల్ కాస్త పక్కకు జరుగుతుంది. పొడవాటి కడ్డీ వేస్తే ఆ జరుగుడు తగ్గుతుంది. బండిని దించినప్పుడు పినియన్ కోణం సరిచూసుకోవాలి. ఇంతే.

ఇక తొమ్మిదంగుళాల క్రౌన్ వీల్ ఉన్న ఫోర్డ్ యాక్సిల్. 1957లో ఫోర్డ్ తెచ్చిన గొప్ప వస్తువు, ఆ ఏడాది తర్వాతి ఎఫ్-100ల్లో చాలావాటికి సొంతిల్లు. పినియన్‌ను రెండు వైపులా బేరింగులు పడతాయి, గేర్లున్న గుండె మొత్తం ముందు నుంచి బయటికి వస్తుంది. అయితే దాని పినియన్ క్రౌన్ వీల్ మధ్యగీతకు బాగా కిందికి ఉంటుంది. పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువ రాసుకుంటాయి, కొంత శక్తి వేడిగా పోతుంది. 1960ల చివరి సీ-10లలో కనిపించే పన్నెండు బోల్టుల యాక్సిల్‌లో క్రౌన్ వీల్ 8.875 అంగుళాలు. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. 300 హార్స్‌పవర్ ఇంజన్ ఆ తేడాను రోడ్డు మీద ఎప్పటికీ పరీక్షించదు.

యాక్సిల్ పేరు కన్నా దాని రేషియో ముఖ్యం. 28 అంగుళాల టైరుతో గంటకు 60 మైళ్ల వేగంలో 3.08 రేషియో ఇంజన్‌ను నిమిషానికి సుమారు 2,220 చుట్లు తిప్పుతుంది. 4.11 అయితే 2,960. 3.73కి 2,690. అదే 3.73కి 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 గేర్‌బాక్స్ జోడిస్తే 1,880కి దిగుతుంది. మొదటి గేరు 3.06 కాబట్టి ఆగినచోట నుంచి కదలడంలోనూ బలం తగ్గదు. నాలుగు లింకుల మీద పెట్టే డబ్బు గేర్‌బాక్స్ మీద పెడితే బండి స్వభావమే మారుతుంది. ఈ లెక్క వేయకుండా యాక్సిల్ కొనేవాళ్లు చాలామంది.

నాలుగు లింకులు కావలసిన బండ్లు లేవని కాదు. 600 హార్స్‌పవర్ ఇంజన్, డ్రాగ్ టైర్లు, ఆటోక్రాస్ పోటీలు ఉన్నవాళ్లకు అవి అవసరమే. పన్నెండు బోల్టుల యాక్సిల్‌లో షాఫ్ట్‌ను లోపల ఒక చిన్న సీ క్లిప్పు పట్టుకుంటుంది. షాఫ్ట్ విరిగితే చక్రం బయటికి రావచ్చు. రేసుకు వెళ్లేవాడు దాన్ని నమ్ముకోకూడదు, తొమ్మిదంగుళాలదే వాడాలి. వాళ్లు కూడా ముందు ఫ్రేమ్‌ను పెట్టెలా మూసి బలపరుచుకోవాలి. మిగతావాళ్లు వెల్డింగ్‌కు ఒప్పుకోకముందు బుష్‌లు, షాకిళ్లు, షాక్ అబ్జార్బర్లు మార్చి, పినియన్ కోణం కొలిపించి, ఒక వేసవంతా నడపండి. అప్పటికీ మనసు మారకపోతే కోయడానికి ఫ్రేమ్ అక్కడే ఉంటుంది.