ఆ తల ఎందుకు వంగాలి?

మొన్న ఒక పెండ్లి విందులో నా పూర్వవిద్యార్థి ఒకడు కనబడి నమస్కరించాడు. అగ్నిమాపక దళంలో ఫైర్‌మన్‌గా చేరాడట. ఇంకా ప్రొబేషన్ తీరలేదు. పక్కనే ఉన్న వాని మేనమామ నవ్వి, "డిగ్రీ చదివిస్తే బండ్లు కడుగుతున్నాడు మాస్టారూ! పైపులు చుట్టుతున్నాడు!" అన్నాడు. పిల్లవాడు తల వంచుకొన్నాడు. ఆ తల ఎందుకు వంగాలి?

అయ్యా, ఆ పైపు సంగతి మీకు తెలుసునా? తడిగా చుట్టిన కాన్వాసు పైపు బూజుపట్టి చివుకుతుంది. మెలిపడిన పైపు నీటిని ఆపుతుంది. మంటల్లో ఉన్నవానికి అదే ప్రాణాధారం. బండి కడిగేవాడు ఏ అరలో ఏ పనిముట్టు ఉన్నదో చేతులకు నేర్పుకొంటున్నాడు. రేపు పొగలో కళ్ళు పనిచేయవు. పసివాళ్ళచేత ఓనమాలు దిద్దించడం వెట్టిచాకిరీ అయితే, ఇదీ వెట్టిచాకిరీయే.

'అగ్నిమాపక' శబ్దంపై మా పండితులకొక ఆక్షేపణ ఉన్నది. 'మాపు' తెలుగు క్రియ. దానిని సంస్కృతపు 'అగ్ని'తో అతికించడం దుష్టసమాసమనీ, సంస్కృతంలో 'మాపకం' అంటే కొలిచేదనీ, 'అగ్నిశామక' అనడమే సాధువనీ వాదం. తరగతిలో నేనూ ఆ మాటను చూసి నవ్వినవాణ్ణే. నేడు ఆ నవ్వును ఉపసంహరించుకొంటున్నాను. ఈ పిల్లవాడు మొదట నేర్చేది కొలవడమే. వీపున సుమారు 15 కిలోల శ్వాసపరికరం. భయంతో రొప్పేవానికి అందులోని గాలి ముందే తరిగిపోతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. మూసిన గదిలో తొందరపడి చిమ్మితే ఆ ఆవిరి తననే కాల్చుతుంది. గాలి తగ్గి ఈల మోగితే బయటికి రావాలి. ఎంతటి సాహసికైనా అదే నియమం.

మరి మనమో? సినిమా సాహసాలు చూసిన కళ్ళతో వీధిలో నిలబడి, ఈల విని బయటికి వచ్చినవాణ్ణి పిరికివాడంటాం. సందులో కార్లు అడ్డంగా నిలిపి, మెట్లదారిని సామానుతో నింపి, ఫైరింజను ఆలస్యమైందని తిట్టిపోస్తాం. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంటిలో 17 మంది అగ్నిప్రమాదానికి బలి అయినారు. అది ఇరుకు దారి ఉన్న ఇల్లు. ఆ తరువాతనైనా మన మెట్లదారులు ఖాళీ అయినాయా?

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ నౌక పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసారు. వారి స్మృతికే ఏటా వారోత్సవం. ఆ ఒక్క వారం పూలదండలు. తక్కిన 51 వారాలు ఎగతాళి!

ఒక్క మాట మాత్రం నిష్కర్షగా చెప్పాలి. శిక్షణ పేరిట పై అధికారి ఇంటి పనులు ఎవరైనా చేయిస్తే, అది శిక్షణ కాదు, దౌష్ట్యం. ఉద్యోగం స్థిరపడలేదన్న భయంతో నోరు విప్పలేనివాని నిస్సహాయతను దోచుకోవడం అది. పైపు చుట్టించేవారిని నిందించి, ఇట్టివారిని ఉపేక్షించే లోకానికి వివేకం లేదు.

మేనమామగారితో అక్కడే అన్నాను: "మీ ఇంటి మెట్లమీది సామాను ముందు తీయించండి. మీ అల్లుడు ఏదో ఒకనాడు ఆ దారినే ఎక్కవలసి రావచ్చు."