కుక్క కోసం ఏడ్చిన తల్లిని కూర్చోబెట్టినదెవరు?



పోయిన ఆదివారం సాక్ష్యాల సమయంలో మన సంఘంలోని ఒక పెద్ద తల్లి లేచి నిలబడింది. పేరు రాయడం లేదు, ఆ రోజు వచ్చినవారందరికీ తెలుసు. పన్నెండేళ్లు తనతో ఉన్న నల్లోడు ఇసుక ట్రాక్టరు కింద పడి చనిపోయాడని, మనసు తట్టుకోలేకపోతున్నదని, ప్రార్థన చేయమని అడిగింది. మాట పూర్తికాక ముందే వెనుక ఎవరో నవ్వారు. ఒక పెద్ద లేచి, "అమ్మా, ఇది దేవుని మందిరం. కుక్క చావులు ఇక్కడ చెప్పకూడదు, కూర్చో" అన్నారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మేము ప్రసంగ వేదిక మీదే ఉండి కూడా నోరు విప్పలేదు. వెంటనే పాట ఎత్తించాము. ఆ తప్పు మాది, కాబట్టి ఈ మాటలు మొదట మాకే తగలాలి.

ఆరాధన తరువాత ఆ పెద్ద మాతో వాదించారు. కుక్కలు వెలుపల ఉంటాయని ప్రకటన 22:15లో ఉన్నది గదా అన్నారు. అయ్యా, ఆ వచనం చివరి వరకు చదవండి. కుక్కల పక్కనే నరహంతకులు, అబద్ధాన్ని ప్రేమించేవారు ఉన్నారు. అది మనుషుల గురించిన మాట. ఫిలిప్పీ 3లో పౌలు జాగ్రత్తపడమన్న కుక్కలు కూడా రెండు కాళ్లవే. ఆ కాలపు తిట్టును తెచ్చి ఒక విధవరాలి గుమ్మం కాచిన ప్రాణి మీద వేయడం ఏ వాక్యపరిచర్య?

జంతువుకు ఆత్మ లేదనేది రెండో వాదన. నరుడు జీవాత్మ ఆయెనని ఆదికాండము 2:7లో చదువుతాము. అక్కడ హెబ్రీలో ఉన్న 'నెఫెష్ హయ్యా' అనే మాటే 1:24లో జంతువులకూ వాడబడింది. తేడా లేదని మేము అనడం లేదు. దేవుని స్వరూపం నరునికే ఇవ్వబడింది. కానీ నోవహుతో చేసిన నిబంధనలో దేవుడు ప్రతి జీవిని చేర్చాడు. నీనెవెను విడిచిపెట్టడానికి కారణం చెబుతూ యోనాకు అక్కడి పశువులను కూడా గుర్తుచేశాడు. జాన్ వెస్లీ 1781లో రోమా 8 మీద చేసిన ప్రసంగంలో జంతువులకు కూడా విడుదల ఉన్నదని బోధించాడు. ఆయన అన్నంత గట్టిగా మేము చెప్పలేము. నవ్వడం మాత్రం మాకు చేతకాదు.

నాతాను దావీదు దగ్గరకు ఏ కథతో వెళ్లాడు? ఒక బీదవాడి గొర్రెపిల్ల కథతో. వాడి ముద్దలో తిని, వాడి గిన్నెలో తాగి, వాడి రొమ్మున పడుకుని, కూతురిలా పెరిగిన గొర్రెపిల్ల. దావీదు "గొర్రెపిల్లే గదా" అనలేదు. కోపంతో మండిపోయాడు. గొర్రెలు కాచినవాడు గనుక ఆ బీదవాడు పోగొట్టుకున్నదేమిటో అతనికి తెలుసు. ఆదివారం మనకు తెలియలేదు.

పట్నంలో కుక్కకు కేకు కోసి, కన్నతల్లికి ఫోను చేయనివారు ఉన్నారు. అది వేరే సంగతి, దాని మీద మరోసారి రాస్తాము. ఈ తల్లి సంగతి వేరు. కొడుకు కువైట్‌లో, కూతురు అత్తవారింట. రాత్రి ఆమె తలుపు వేసుకుందో లేదో మనలో ఎవరు వెళ్లి చూశారు? జ్వరమొచ్చి మూడు రోజులు మంచం మీద ఉంటే ఎవరు పక్కన కూర్చున్నారు? లాజరు కురుపులు నాకిన కుక్కలు అతని దీనస్థితిని చూపడానికే ఉన్నాయని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. కావచ్చు. అయినా ఆ వాకిట అతని దగ్గరకు వచ్చినట్టు రాయబడినవి అవే. ఇంటివాడు రాలేదు.

సోమవారం సాయంత్రం మేము, పాస్టరమ్మ కలిసి ఆమె ఇంటికి వెళ్లాము. మునగచెట్టు కింద మట్టి ఇంకా తడిగా ఉంది. అరుగు మీద నల్లోడి సత్తు గిన్నె కడిగి బోర్లించి ఉంది. క్షమించమ్మా అని అడిగాము. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అలవాటుగా గుప్పెడు బియ్యం ఎక్కువ పోశాను అయ్యగారూ, తిని వెళ్లండి" అంది. తిన్నాము, ప్రార్థన చేశాము. ప్రార్థనలో నల్లోడి పేరు కూడా చెప్పాము.

ఈ బుధవారం గృహ కూడిక ఆమె ఇంటి వద్దనే, సాయంత్రం ఏడు గంటలకు. గద్దించిన పెద్దను మేమే వెళ్లి పిలిచి వచ్చాము.