సమావేశాల మధ్య మిగిలే పని

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి కాలాన్ని ఆన్‌లైన్ సమావేశాలు వృథా చేస్తున్నాయా అన్న ప్రశ్నకు, వాటిలో గడిచిన గంటలను మాత్రమే కూడి జవాబు చెప్పబోతే లెక్క తప్పుతుంది. కొవిడ్ తొలి లాక్‌డౌన్ల కాలంలో ఉత్తర అమెరికా, ఐరోపా, పశ్చిమాసియాలలోని 16 మహానగరాల్లో 31 లక్షల మందికి పైగా ఉద్యోగుల ఈ-మెయిళ్ల, సమావేశాల వివరాలను (వాటిలోని విషయాన్ని కాదు, వేళలనూ సంఖ్యనూ) పరిశీలించిన పరిశోధకులు, ఒక్కొక్కరు హాజరయ్యే సమావేశాల సంఖ్య సుమారు 13 శాతం పెరిగిందనీ, సగటు నిడివి 20 శాతం తగ్గిందనీ, మొత్తం మీద సమావేశాలకు పోయే సమయం 11.5 శాతం తగ్గిందనీ 2020లో తేల్చారు. అంతవరకే చూస్తే ఉద్యోగికి సమయం కలిసిరావాలి. అదే పరిశీలనలో సగటు పనిదినం మాత్రం 48 నిమిషాలు పెరిగింది.

ఈ వైరుధ్యం ఎక్కడ పుట్టిందో ఒక పెద్ద భారతీయ టెక్నాలజీ సంస్థలోని 10 వేల మందికి పైగా నిపుణులపై మైకేల్ గిబ్స్, ఫ్రీడరికే మెంగెల్, క్రిస్టోఫ్ సీమ్‌రోత్ జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనం కొంత చూపుతుంది. ఇంటి నుంచి పని మొదలయ్యాక ఆ సంస్థలో పనిగంటలు పెరిగాయి, పూర్తయిన పని స్వల్పంగా తగ్గింది, దాంతో ఉత్పాదకత, అంటే వెచ్చించిన గంటకు వెలువడే పని, 8 నుంచి 19 శాతం వరకు పడిపోయింది. సమావేశాలకూ సమన్వయానికీ పట్టే సమయం పెరగగా, ఎవరూ పిలవకుండా, ఏదీ అడ్డురాకుండా సాగే అఖండ సమయం బాగా కుదించుకుపోయింది. ఇంట్లో పిల్లలున్నవారి ఉత్పాదకత మరింత తగ్గినట్లు కూడా ఆ అధ్యయనం గుర్తించింది కాబట్టి నేరమంతా సమావేశాల మీదికి తోయడం న్యాయం కాదు. అయినా ప్రోగ్రాం రాసే, లోపాలు వెతికే, లెక్కలు సరిచూసే పనులకు ఆ అఖండ సమయమే ముడిసరుకు. ఉదయం 10 గంటలకు అరగంట సమావేశం, పదకొండున్నరకు మరొకటి ఉంటే నడుమ మిగిలినది గడియారంలో గంటే అయినా, మొదటిదాని నుంచి మనసు తేరుకోవడానికీ రెండోదానికి సిద్ధపడటానికీ పోగా పనికి దక్కేది స్వల్పం.

పిలిచేవారికి ఈ నష్టం కనిపించకపోవడం సహజమే. కాలువ ఎగువన తూము తెరుచుకున్నవారికి చివరి ఆయకట్టు ఎండటం కనిపించనట్లే, 12 మందిని అరగంట కూర్చోబెట్టిన మేనేజరుకు తన అరగంటే లెక్క. సంస్థకు ఖర్చయినవి 6 పనిగంటలు. కార్యాలయంలో కళ్లెదుట కనిపించే మనిషి ఇంట్లో కనిపించడు కనుక, బృందం 15 నిమిషాల్లో ముగించుకోవలసిన రోజువారీ ‘స్టాండప్’ కూడా చాలాచోట్ల ఆనాటి పనిని సర్దుకునే ప్రణాళికగా కాక హాజరుపట్టీగా మారిపోయింది. ఈ అలవాటు ఐటీకే పరిమితమైనది కాదు. ‘వీసీ ఉందండి’ అన్న మాట వినని ప్రభుత్వ కార్యాలయం కృష్ణా జిల్లాలో బహుశా ఉండదు. నివేదికలో పంపదగిన అంకెలను వీడియో కాన్ఫరెన్స్‌లో ఒక్కొక్కరి చేత చదివించడాన్ని సమీక్ష అనడం మర్యాదకే.

విజయవాడ–మచిలీపట్నం దారిలో, 165వ జాతీయ రహదారి మొదలయ్యే కూడలి అయిన పామర్రు వంటి చోటు నుంచి అమెరికా క్లయింట్ల పని చేసేవారికి దీనికి తోడు గడియారం ఎదురు తిరుగుతుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే వేసవి వేళల్లో ఇక్కడ సాయంత్రం ఆరున్నర, కాలిఫోర్నియాలో అయితే రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు తొలి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పగానే అవి ఏడున్నర, పదిన్నర అవుతాయి. పగలు ఇక్కడి బృందం సమావేశాలతో ముక్కలై, రాత్రి అక్కడి క్లయింట్ సమావేశాలకు పోతే, అసలు పని ఈ రెంటి సందుల్లోకి, లేదా నిద్రలోకి జరుగుతుంది. మహిళలకు ప్రాధాన్యమిస్తూ ఇంటి నుంచి పనిని విస్తరిస్తామని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు, ఐటీ, జీసీసీ విధానం 4.0 కింద నగరం, పట్టణం, మండలం అన్న తేడా లేకుండా ఐటీ పనిస్థలాలకు ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు. జీసీసీ అంటే బహుళజాతి సంస్థలు తమ సొంత పనుల కోసం నెలకొల్పే కేంద్రం. ఆలోచన మెచ్చదగినదే, కానీ వంట, పిల్లల చదువు ఇప్పటికీ స్త్రీల మీదే ఎక్కువగా ఉన్న ఇళ్లలో సరిగ్గా ఆ సాయంత్రపు వేళలనే సమావేశాలు ఆక్రమిస్తున్నప్పుడు, పనిచోటు ఇంటికి దగ్గరైనంత మాత్రాన ఒరిగేది తక్కువ.

అలాగని సమావేశాలన్నీ దండగ అనడానికి ఆధారం లేదు. ఐదు దేశాల్లో ఇంజినీర్లతో ప్రయోగం చేసి 2022లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు వెల్లడించిన మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్, వీడియోలో కలిసినవారికి ఎదురెదురుగా కూర్చున్నవారి కన్నా కొత్త ఆలోచనలు తక్కువగా తట్టాయనీ, వచ్చిన ఆలోచనల్లో మేలైనదాన్ని ఎంచడంలో మాత్రం వారేమీ వెనకబడలేదనీ చెప్పారు. అంటే నిర్ణయానికి ఆన్‌లైన్ సమావేశం చాలు. సమాచారం చెప్పడానికి రాతపూర్వక సందేశమే చాలు. ఇంకొక విషయం పైన చెప్పిన భారతీయ సంస్థ అధ్యయనంలోనే ఉంది: సమావేశాల సమయం మొత్తం మీద పెరిగినా, పైఅధికారి ఉద్యోగితో విడిగా కూర్చుని పని నేర్పే ముఖాముఖి సంభాషణలు తగ్గిపోయాయి. కళాశాల నుంచి నేరుగా వచ్చి, పక్క బల్ల వద్ద కూర్చున్న అనుభవజ్ఞుణ్ని అడిగి నేర్చుకునే వీలు లేని కొత్త ఉద్యోగికి కావలసింది ఆ సంభాషణే. పెరగవలసినది తరిగి, తరగవలసినది పెరగడమే ఇక్కడి అసలు లోపం.

2025 నాటికి ఏ సమయంలోనైనా నాలుగో వంతు సిబ్బంది కార్యాలయంలో ఉంటే చాలునని 2020లో చెప్పిన టీసీఎస్, 2023 అక్టోబరులో వారానికి 5 రోజులూ కార్యాలయానికి రావాలని ఉద్యోగులను ఆదేశించింది. కార్యాలయానికి రప్పించినంత మాత్రాన పనివేళల పంపకం మారదు. అమెరికా క్లయింట్‌తో మాట్లాడవలసింది అక్కడి నుంచి కూడా రాత్రివేళే. మండల స్థాయి పనిస్థలాలకు రాయితీలిచ్చే ప్రభుత్వం కుర్చీలతో, ఇంటర్నెట్ వేగంతో ఆగకుండా, రోజులో మూడు గంటలైనా సమావేశాలు లేని వేళను పాటించే సంస్థలకు ప్రాధాన్యం ఇవ్వాలి. సంస్థలు తమ వంతుగా, రాత్రి 10 దాటాక క్లయింట్ సమావేశంలో కూర్చున్నవారిని మరునాటి ఉదయపు స్టాండప్‌కు పిలవరాదన్న ఒక్క నిబంధనతోనైనా మొదలుపెట్టాలి.