ఒకే తేదీన రెండు ఆటలకు తీర్పు

2024 మే 30న సోనీ తన ప్లేస్టేషన్ కొత్త ఆటల ప్రదర్శన ‘స్టేట్ ఆఫ్ ప్లే’ను ఆన్‌లైన్‌లో ప్రసారం చేసింది. మన దేశంలో అప్పటికి 31వ తేదీ తెల్లవారుజామున మూడున్నర. ఆ కార్యక్రమం ‘కాంకర్డ్’తో మొదలై ‘ఆస్ట్రో బాట్’తో ముగిసింది. కాంకర్డ్ తీసిన ఫైర్‌వాక్ స్టూడియోను సోనీ అంతకుముందు ఏడాదే కొనుగోలు చేసింది. ఆస్ట్రో బాట్ టోక్యోలోని టీమ్ అసోబి తీసిన ఆట. ఆ బృందంలో ఉన్నది అరవై పైచిలుకు మంది. మూడు నెలలు తిరిగాక, సెప్టెంబరు 6న ఆస్ట్రో బాట్ దుకాణాల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు కాంకర్డ్ సర్వర్లు ఆగిపోయాయి. అది విడుదలై అప్పటికి రెండు వారాలే.

ఇలాంటి ప్రదర్శనలను మన పత్రికలు సాధారణంగా సినిమా టీజర్ల వార్తల్లాగే చూస్తాయి. ఏది బాగుంది, ఏది తుస్సుమంది అని రాసి వదిలేస్తాయి. నిజానికి ఆ అరగంటలో కనిపించేవి కంపెనీ నాలుగైదేళ్ల కిందట తీసుకున్న పెట్టుబడి నిర్ణయాలు. వాటిని జనం ముందు పెట్టేది అప్పుడే. జనం పెదవి విరిచినా, కోట్ల డాలర్లు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. ఈ జాప్యమే ఆటల పరిశ్రమకు పట్టిన అసలు జబ్బు.

ఖర్చు ఏ స్థాయిలో ఉందో 2023 జూన్‌లో అనుకోకుండా బయటపడింది. ఆటల కంపెనీ యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొనడంపై శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో విచారణ జరుగుతుండగా, సోనీ దాఖలు చేసిన పత్రంలోని రహస్య అంకెలను మార్కర్ పెన్నుతో కొట్టేశారు. స్కాన్ చేసేసరికి సిరా కింద అంకెలు కనిపించాయి. ‘ది లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు, దాదాపు 200 మంది. ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’కు 21.2 కోట్ల డాలర్లు, 300 మంది, అయిదేళ్లు. ఒక్కసారి కొని, ఆడేసి, పక్కన పెట్టే ఆట మీద ఇంత పెట్టడం ఏ యాజమాన్యానికైనా గుబులు పుట్టించేదే.

అందుకే సోనీ దారి మార్చింది. ఏళ్ల తరబడి కొత్త దుస్తులు, కొత్త ఆయుధాలు అమ్ముతూ నెలనెలా డబ్బు రాబట్టే ‘లైవ్ సర్వీస్’ ఆటల వైపు మళ్లింది. ‘ఫోర్ట్‌నైట్’ సంపాదన కళ్ల ముందే ఉంది. తన స్టోర్‌లో ఇతరులు అమ్ముకునే వాటిపై వచ్చే 30 శాతం కమీషన్‌తో సరిపెట్టుకోకుండా, మొత్తం తనకే దక్కాలనుకుంది. 2022లో 360 కోట్ల డాలర్లు పెట్టి బంగీ స్టూడియోను కొన్నది. 2026 మార్చిలోగా పన్నెండు సర్వీస్ ఆటలు తెస్తామని మదుపరులకు చెప్పింది. 2023 మేలో జరిగిన పెద్ద ప్రదర్శన ఆ మాటకు అద్దం పట్టింది. ‘ఫెయిర్‌గేమ్స్’తో మొదలుపెట్టి ‘హెల్‌డైవర్స్ 2’, ‘మారథాన్’, ‘కాంకర్డ్’ చూపించారు. చివర్లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’ తప్ప సోనీ సొంత స్టూడియోల కథా ఆటలు ఏవని అభిమానులు ఆ రాత్రే నిలదీశారు.

అది అల్లరి మూకల గోల కాదు. వాళ్ల లెక్క చాలా సూటిగా ఉంది: మాకున్న సమయం ఇంతే, దాన్ని ఇప్పటికే రెండు మూడు ఆటలు తీసేసుకున్నాయి, నాలుగోదానికి చోటెక్కడ? కంపెనీ ఈ ప్రశ్న వేసుకున్నట్టు కనిపించదు. సెప్టెంబరులో విడుదలైన కథా ఆటను మరుసటి ఏడాది కూడా కొనుక్కోవచ్చు. సర్వీస్ ఆట అలా కాదు. మొదటి వారంలో జనం లేకపోతే ఎదుటి జట్టే దొరకదు, ఇక ఆడేదెలా?

కాంకర్డ్‌కు జరిగింది అదే. మే 30 ట్రైలర్‌లో అంతరిక్ష నౌక సిబ్బంది పరాచికాలను నిమిషాల తరబడి చూపించి, ఆ తర్వాత ఇది అయిదుగురికి అయిదుగురు ఎదురై కాల్చుకునే ఆట అని చెప్పారు. కథ చూస్తున్నామనుకున్నవాళ్లు నీరుగారిపోయారు. ‘ఓవర్‌వాచ్ 2’, ‘వాలరెంట్’, ‘ఎపెక్స్ లెజెండ్స్’ ఉచితంగా దొరుకుతుంటే దీని ధర 40 డాలర్లు. జులైలో అందరికీ ఉచితంగా పరీక్షకు పెట్టినప్పుడే పీసీ ఆటల స్టోర్ స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్ల సంఖ్య రెండున్నర వేలకు చేరలేదు. ఆగస్టు 23న విడుదలయ్యాక అక్కడ గరిష్ఠంగా 697 మందే. కొన్నవాళ్లందరికీ సోనీ డబ్బు వాపసు ఇచ్చింది. అది మెచ్చుకోదగ్గ పనే. అక్టోబరులో స్టూడియోనే మూసేసింది.

సర్వీస్ ఆటలన్నీ దండగ అని కాదు. 2023 మే ప్రదర్శనలోనే చూపిన ‘హెల్‌డైవర్స్ 2’ 2024 ఫిబ్రవరిలో విడుదలై పన్నెండు వారాల్లో 1.2 కోట్ల ప్రతులు అమ్ముడైంది. దాని ధరా 40 డాలర్లే. తీసిన యారోహెడ్ స్టాక్‌హోమ్‌లోని స్వతంత్ర సంస్థ. నలుగురు మిత్రులు కలిసి ఆడుకోవడానికి ఏం కావాలో వాళ్లకు తెలుసు. ఆ మే నెలలో పీసీ ఆటగాళ్లూ ప్లేస్టేషన్ ఖాతా తెరవాల్సిందేనని సోనీ పట్టుబట్టినప్పుడు, స్టీమ్ సమీక్షల్లో కోపం వెల్లువెత్తడంతో కంపెనీ కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అంటే ఆటగాళ్ల మాట వినడం కంపెనీకి చేతకాని పనేమీ కాదు. ఆట చేతికొచ్చాక విన్నంత శ్రద్ధగా తయారవుతున్నప్పుడు వినదు, అంతే.

ఈ పందేల నష్టం ఎవరి మీద పడిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2023 నవంబరులో సోనీ పన్నెండు ఆటల లక్ష్యాన్ని ఆరుకు కుదించింది. డిసెంబరులో ‘ది లాస్ట్ ఆఫ్ అజ్’ ఆన్‌లైన్ ఆట రద్దయింది. 2024 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ విభాగం దాదాపు 900 మందికి ఉద్వాసన పలికి, లండన్ స్టూడియో తలుపులు మూసింది. ఇళ్లకు వెళ్లినవాళ్లలో అత్యధికులకు ఆ పన్నెండు అనే అంకెతో ఏ ప్రమేయమూ లేదు.

మనకూ ఈ లెక్కతో పని ఉంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. యానిమేషన్, గేమింగ్ కోసం తెలంగాణ 2016లోనే ప్రత్యేక విధానం తెచ్చింది. విదేశీ ఆటలకు బొమ్మలు గీసి, లోపాలు వెతికిపెట్టే పనితో ఇక్కడ ఎందరో బతుకుతున్నారు. అక్కడ ఒక ప్రాజెక్టు ఆగితే ఇక్కడ కాంట్రాక్టు ఆగుతుంది. కొనేవాళ్ల సంగతీ తక్కువేం కాదు. ప్లేస్టేషన్ 5 కొత్త ఆట మన దగ్గర దాదాపు అయిదు వేల రూపాయలు. ఆ ధర పెట్టి కొన్న ఆట రెండు వారాల్లో మూతపడుతుందేమోనన్న అనుమానం ఒకసారి పుట్టాక, తర్వాతి సర్వీస్ ఆటను మొదటి రోజున కొనేదెవరు? అలా వేచి చూడటమే ఆ ఆటల ప్రాణం తీస్తుంది.

ఆస్ట్రో బాట్ 2024 డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’లో ఆ ఏటి మేటి ఆటగా నిలిచింది. దీని వెనక మాయేమీ లేదు. 2020లో ప్రతి ప్లేస్టేషన్ 5తో పాటు ‘ఆస్ట్రోస్ ప్లేరూమ్’ అనే చిన్న ఆటను ఉచితంగా ఇచ్చారు. కన్సోల్ కొన్నవాళ్లు దాన్ని ఆడారు, ముచ్చటపడ్డారు, ఇంకాస్త పెద్దది కావాలన్నారు. టీమ్ అసోబి ఆ తర్వాతే పెద్ద ఆట తీసింది. సోనీ తన తర్వాతి ప్రదర్శనలో ఏ సర్వీస్ ఆటను ప్రకటించినా, ట్రైలర్‌తో పాటే ఆడిచూసే ముక్కను జనం చేతిలో పెట్టాలి. అదీ స్టూడియోలో ఇంకా మార్పుచేర్పులకు డబ్బూ వ్యవధీ మిగిలి ఉన్నప్పుడే.