సంస్కృతం, లిథువేనియన్: తల్లీకూతుళ్లా, అక్కచెల్లెళ్లా?

ఆర్నెల్లకోసారి ఒక రీల్ మన ఫోన్లలోకి వచ్చి వెళ్తుంటుంది. యూరప్‌లో, బాల్టిక్ సముద్రం ఒడ్డున, లిథువేనియా అనే చిన్న దేశం. అక్కడి జనం ఇప్పటికీ సంస్కృతం లాంటి భాషే మాట్లాడతారనీ, ఆ భాష మన సంస్కృతం నుంచే పుట్టిందనీ అందులో చెప్తారు. కామెంట్లలో సగం మంది దండాలు పెడతారు. మిగతా సగం ‘వాట్సాప్ యూనివర్సిటీ’ అని నవ్వేస్తారు.

రెండు వర్గాలూ చెరి సగం కరెక్టే. పోలిక నిజం. పుట్టుక కథ మాత్రం తప్పు. అది తప్పని ఎలా తెలిసిందో చూస్తే, ఆ రీల్ కంటే అసలు కథే ఎక్కువ కిక్కిస్తుంది.

ముందు పోలిక చూద్దాం. కొడుకు సంస్కృతంలో సూనుః, లిథువేనియన్‌లో సూనుస్. అగ్ని వాళ్లకి ఉగ్నిస్. పొగని సంస్కృతం ధూమం అంటే, వాళ్లు దూమయ్ అంటారు. తేనె మనం విన్న మధు, వాళ్లకి మెదుస్. గొర్రె సంస్కృతంలో అవిః, అక్కడ అవిస్. దంతం అక్కడ దంతిస్, రాత్రికి ఉన్న నక్తం అక్కడ నక్తిస్. కొన్ని మాటల అర్థం కాస్త జరిగింది. రథం లాంటి రాతస్ అంటే వాళ్లకి చక్రం. వీరస్ అంటే వీరుడేం కాదు, మామూలు మగాడు, ఇంట్లో మొగుడు కూడా. ఇక కల? సాప్నస్. మన స్వప్నమే.

‘అన్నిటి చివరా ఆ స్ ఏంటి?’ అనిపించిందా? దానికి మీ నోట్లోనే సాక్ష్యం ఉంది. ‘నమః’ పక్కన ‘తే’ చేరితే ఏమవుతుంది? నమస్తే. అంటే ఆ విసర్గ వెనక దాక్కున్నది ‘స్’ అన్నమాట. సంస్కృతంలో దేవః అన్నా లోపల ఉన్నది దేవస్. లిథువేనియన్‌లో దేవుడు దియెవస్. మనవాళ్లు విసర్గ చేసిన స్‌ని వాళ్లు అలాగే పలుకుతున్నారు, అంతే.

పెంకి పరీక్ష

ఇలాంటి పోలికలు ఊరికే కూడా రావచ్చు కదా? వస్తాయి. లిథువేనియన్‌లో ‘ఐదు’ని పెంకి అంటారు. మన ఇళ్లల్లో పెంకి పిల్లలు చాలామందే ఉన్నారు గానీ, ఆ పెంకికీ ఈ పెంకికీ ఏ సంబంధం లేదు. ఒక్క మాట కలిస్తే అది కాకతాళీయం కావచ్చు. అందుకే భాషా శాస్త్రవేత్తలు ఒక్క మాటని చూడరు, ప్యాటర్న్‌ని చూస్తారు.

ఉదాహరణకి, ఇలాంటి మాటల్లో సంస్కృతంలో ‘శ’ ఉన్నచోట లిథువేనియన్‌లో ‘ష’ వస్తుంది. శతం అక్కడ షిమ్తస్, దశ అక్కడ దెషిమ్త్, కుక్కకి సంస్కృతంలో శ్వా, అక్కడ షువొ. మాట మారినా రూల్ మారలేదు. పైగా కలిసినవి అంకెలు, పళ్లు, కొడుకులు, కుక్కలు. ఇవి ఒక భాష ఇంకో భాష దగ్గర సాధారణంగా అప్పు తీసుకునే మాటలు కావు. గ్రామర్ కూడా కలుస్తుంది. సంస్కృతంలో లాగే అక్కడా నామవాచకం తోక విభక్తిని బట్టి మారుతుంది. వాళ్ల లెక్కలో సంబోధనతో కలిపి ఏడు విభక్తులు. ‘ఉంది’ అనే అస్తి పాత లిథువేనియన్‌లో ఎస్తి.

కాబట్టి చుట్టరికం ఖాయం. కానీ ఏ చుట్టరికం?

చెరువు చెప్పిన సాక్ష్యం

ఇక్కడే రీల్ దెబ్బతింటుంది. సంస్కృతం తల్లి అయితే, లిథువేనియన్‌లో ఉన్న పాత సరుకంతా సంస్కృతంలోనూ ఉండాలి. కానీ లేదు.

‘నాలుగు’ తీసుకోండి. సంస్కృతంలో చత్వారః, లిథువేనియన్‌లో కెతురి. ఒకచోట ‘చ’, ఇంకోచోట ‘కె’. ఏది పాతది? దీనికి జవాబు బెంగళూరులో పనిచేసే మన వాళ్లకి రోజూ బోర్డుల మీద కనిపిస్తుంది. కన్నడంలో కెరె, మనకి చెరువు. కన్నడంలో కివి, మనకి చెవి. ‘ఎ’, ‘ఇ’ లాంటి అచ్చులు పక్కన ఉంటే ‘క’ మెత్తబడి ‘చ’ అవుతుంది. ప్రపంచంలో చాలా భాషల్లో ఇదే జరిగింది. వెనక్కి, అంటే ‘చ’ నుంచి ‘క’కి రావడం మాత్రం అరుదు.

అయితే చత్వారః లో ‘చ’ పక్కన ‘ఎ’ లేదే, ‘అ’ ఉందే? అదే కీలకం. మన అక్షరమాల గుర్తుచేసుకోండి. హ్రస్వమైన ‘ఎ’ తెలుగుకి ఉంది, సంస్కృతానికి లేదు. ఒకప్పుడు అక్కడా ‘ఎ’ ఉండేది. అది ‘క’ని ‘చ’గా మార్చి, ఆ తర్వాత తానూ ‘అ’లో కలిసిపోయింది. మనిషి వెళ్లిపోయాడు గానీ అడుగుల గుర్తు మిగిలింది. 1870ల్లో యూరప్ పండితులు కొందరు దాదాపు ఒకేసారి ఈ సంగతి పట్టుకున్నారు. లిథువేనియన్ మాత్రం ఆ ‘క’నీ, ఆ ‘ఎ’నీ రెండిటినీ దాచుకుంది. మధు కాదు మెదుస్, పంచ కాదు పెంకి. ఐదుకి పాత గ్రీకులో కూడా పెంతె అనే అంటారు.

ఫొటోని వాట్సాప్‌లో పంపితే కంప్రెస్ అవుతుంది కదా. ఆ కంప్రెస్ అయిన కాపీ నుంచి ఒరిజినల్ క్వాలిటీ వెనక్కి రాదు. అలాగే సంస్కృతంలో పోయిన ‘ఎ’ని, సంస్కృతం నుంచి పుట్టిన భాష మళ్లీ సరిగ్గా పాత చోట్లలోనే తెచ్చుకోలేదు.

పోనీ లిథువేనియనే తల్లా? అదీ కాదు. ధూమం, మధు ల్లోని ‘ధ’ వొత్తు అక్కడ పోయింది. దూమయ్, మెదుస్ అని తేలిపోయాయి. సంస్కృతం ఆ వొత్తుని జాగ్రత్తగా కాపాడుకుంది. అంటే ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరి దగ్గరుంది. ఇలా జరగాలంటే ఒకటే దారి. ఇద్దరికీ పైన ఇంకో తల్లి ఉండాలి. సుమారు 5 వేల ఏళ్లకి పైగా కిందట మాట్లాడిన ఆ భాషకి రాత లేదు. పండితులు దానికి పెట్టుకున్న పేరు ఆది ఇండో యూరోపియన్.

ఆ తల్లి పిల్లల్లో కూడా వీళ్లిద్దరూ పక్కపక్క వాళ్లు కాదు. సంస్కృతానికి దగ్గరి తోబుట్టువు పాత ఇరాన్ భాష అవెస్తా. లిథువేనియన్‌కి దగ్గరిది పక్క దేశపు లాత్వియన్. దూరపు అక్కచెల్లెళ్లకి ముక్కు తీరు కలిసినట్టు కలిశాయి. ఋగ్వేదం 3 వేల ఏళ్ల నాటిది. లిథువేనియన్‌లో మొదటి అచ్చు పుస్తకం వచ్చింది 1547లో. మధ్యలో అన్ని వందల ఏళ్లు గడిచినా పోలిక చెరగకపోవడమే అసలు వింత.

పండితులూ మొదట అలాగే అనుకున్నారు

1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఒక ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయనీ, ఆ మూలం ఇప్పుడు మిగిలి ఉండకపోవచ్చనీ అన్నాడు. 1852లో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైఖర్ తూర్పు ప్రష్యాలో లిథువేనియన్ మాట్లాడే పల్లెలకి వెళ్లి, రైతుల నోట ఆ భాష విని, నేర్చుకుని, గ్రామర్ రాశాడు. 1868లో ఇంకో సాహసం చేశాడు. ఆ పోయిన తల్లి భాషని ఊహించి, అందులో ఒక గొర్రె, కొన్ని గుర్రాల చిన్న కథ రాశాడు. అది చూస్తే అచ్చం సంస్కృతంలా ఉంటుంది, అన్నీ ‘అ’కారాలే. ఎందుకంటే సంస్కృతపు అచ్చులే పాతవని అప్పటి నమ్మకం. ‘చ’ గుట్టు బయటపడ్డాక ఆ నమ్మకం కదిలింది. హెర్మాన్ హిర్ట్ ఎ, ఒ లతో తిరగరాసిన అదే కథ 1939లో అచ్చయింది. సాక్ష్యం మారితే కోడ్ అప్‌డేట్ చేసుకున్నారన్నమాట. మన రీల్ మాత్రం ఇంకా పాత వెర్షన్ మీదే నడుస్తోంది.

అవతలి వాళ్లకి ఎలా ఉంటుంది?

మా ప్రాజెక్టులో విల్నియస్ నుంచి పనిచేసే టెస్టర్ ఒకామె ఉంది. ఆ మధ్య మావాడొకడు ఈ రీల్‌ని టీమ్ గ్రూపులో పెట్టి, ‘మీ భాష మాదేనట’ అని స్మైలీ కొట్టాడు. ఆమె సప్నాల సంగతి తనకీ తెలుసంటూ సరదాగానే జవాబిచ్చింది. తర్వాత ఇంకో లైను రాసింది. ‘మా భాషలో పుస్తకం అచ్చేయడం ఒకప్పుడు నేరం. అది ఇంకా బతికి ఉండటమే మాకు గొప్ప.’

నేను వెళ్లి చదివాను. 1863 తిరుగుబాటు తర్వాత రష్యా సామ్రాజ్యం లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చుని నిషేధించింది. 1904 దాకా, దాదాపు 40 ఏళ్లు. రష్యన్ లిపిలోనే రాసుకోమన్నారు. జనం ఒప్పుకోలేదు. సరిహద్దు అవతల ప్రష్యాలో పుస్తకాలు అచ్చేయించి, మూటల్లో కట్టి, రాత్రిళ్లు సైనికుల కన్నుగప్పి మోసుకొచ్చారు. దొరికితే జైలు, సైబీరియా. ఇలా పుస్తకాలు మోసినవాళ్ల పేరు మీద ఇప్పటికీ ఏటా మార్చి 16న ఒక రోజు జరుపుకుంటారు. అన్ని కష్టాలకోర్చి నిలుపుకున్న భాషని మన ఇంటి కొమ్మ అని ఒక్క స్మైలీతో తేల్చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

మనకీ ఇదే జరిగింది

ఊహించడం మనకి కష్టం కాదు. తెలుగు కూడా సంస్కృతం కూతురేనని చాలాకాలం అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ ఆ మాట కాదని చూపించాడు. మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ని ఆధారం చేసుకుని తత్సమాలనీ, దేశ్యాలనీ విడదీశాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులని పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండు, ఎరడు, ఇరండు. కన్ను, కణ్ణు, కణ్. మన కుటుంబం ఇది.

మరి లిథువేనియన్ మాటలు మనకి అంత తేలిగ్గా ఎందుకు తగిలాయి? ఎందుకంటే మనం వాటిని సంస్కృతం దగ్గర అప్పు తెచ్చుకున్నాం. లిథువేనియా పల్లెటూరి అమ్మమ్మకి సూనుస్ అంటే ఇంట్లో పిలుపు. మనకి సూనుడు వాయుసూనుడు లాంటి పద్యాల మాట, ఇంట్లో మాత్రం కొడుకే. బోర్డు మీద ధూమపానం, వంటింట్లో పొగ. ఆస్పత్రిలో దంత వైద్యం, అద్దంలో పన్ను. వాళ్లకి అది వారసత్వం, మనకి చదువుతో వచ్చిన ఆస్తి. అప్పు అంటే చిన్నతనమేం కాదు. మన పద్యం, మన సినిమా పాట ఆ మాటలతోనే ఇంత తియ్యగా అయ్యాయి. ఏది ఎక్కడిదో తెలుసుకుని వాడుకుంటే సంస్కృతానికీ, తెలుగుకీ కూడా గౌరవమే.

ఈసారి ‘ఫలానా భాష ఫలానా దాన్నుంచి పుట్టింది’ అని రీల్ వస్తే మూడు చూడండి. ఒకటి, కలిసినవి ఒకటి రెండు మాటలా, లేక రూల్ ప్రకారం కలుస్తున్నాయా? రెండు, అంకెలు, ఒళ్లు, ఇంటి మాటలు కలుస్తున్నాయా? మూడు, కూతురు అంటున్న భాషలో, తల్లి అంటున్న భాష పోగొట్టుకున్నది ఏమైనా మిగిలుందా? మొదటి రెండిటికీ అవునంటే అది చుట్టరికమే. మూడోదానికీ అవునంటే ఆవిడ తల్లి కాదు, ఇంకో బిడ్డ.

ఇంట్లో కన్నడం, తమిళం, గోండి తెలిసినవాళ్లెవరైనా ఉంటే, అంకెలు ఒకటి నుంచి పది దాకా అడిగి, తెలుగు పక్కన రాసుకుని చూడండి. పది నిమిషాల పని. మీకు దొరికిన రూల్ కామెంట్‌లో పెట్టండి, వచ్చే వారం దాన్నే మాట్లాడుకుందాం.